రాతి గర్భంలో నివురుగప్పిన నిప్పు

అణు విద్యుత్ కేంద్రంలో ఏళ్ల తరబడి వాడి బయటికి తీసిన ఇంధన కడ్డీకీ, కర్మాగారం నుంచి అప్పుడే వచ్చిన కొత్త కడ్డీకీ పైకి చూస్తే పెద్ద తేడా కనిపించదు. కట్టె కాలితే బూడిదవుతుంది, కిరోసిన్ కాలితే పొగై పోతుంది. యురేనియం మాత్రం వాడకం ముగిశాక కూడా అదే జిర్కోనియం మిశ్రలోహపు గొట్టంలో, వేలి కొసంత గుళికల రూపంలో, దాదాపు అంతే బరువుతో మిగిలి ఉంటుంది. మారిపోయేది లోపలి పదార్థపు స్వభావం. కొత్త కడ్డీని చేతికి తొడుగు వేసుకుని పట్టుకోవచ్చు. రియాక్టరులోంచి తీసి పదేళ్లు గడిచిన కడ్డీల కట్ట పక్కన కవచమేదీ లేకుండా నిలబడితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం తీసేంత వికిరణం ఒంటికి సోకుతుంది. నివురుగప్పిన నిప్పు అనే మాట అక్షరాలా దీనికే సరిపోతుంది.

యురేనియం కేంద్రకం న్యూట్రాను తాకిడికి రెండుగా చీలడాన్ని కేంద్రక విచ్ఛిత్తి అంటారు. ఆ చీలికలో పుట్టిన వేడి నీటిని ఆవిరిగా మార్చి టర్బైనును తిప్పుతుంది గానీ, చీలిన ముక్కలైన సీజియం, స్ట్రాన్షియం, అయోడిన్, టెక్నీషియం వంటివి కడ్డీలోనే ఉండిపోతాయి. కొన్ని యురేనియం కేంద్రకాలు చీలకుండా న్యూట్రాన్లను మింగి ప్లుటోనియంగా మారతాయి. మామూలు నీటితో నడిచే రియాక్టర్ల నుంచి వచ్చే వాడిన ఇంధనంలో 95 శాతం వరకు యురేనియమే ఉంటుంది. ప్లుటోనియం ఒక శాతం దాకా ఉంటే, మిగిలిన మూడు నాలుగు శాతం ఈ విచ్ఛిత్తి శకలాలది. రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధజీవిత కాలం అంటారు. సీజియం-137కు అది సుమారు 30 ఏళ్లు కాగా ప్లుటోనియం-239కి 24,100 ఏళ్లు, టెక్నీషియం-99కి రెండు లక్షల ఏళ్లకు పైమాటే. మొదటి కొన్ని వందల ఏళ్లు సీజియం, స్ట్రాన్షియంల వేడి, వికిరణాలతో వేగాలి, ఆ తర్వాత లక్ష ఏళ్లకు పైగా ప్లుటోనియం వంటి బరువైన మూలకాలను మనిషికీ నీటికీ దూరంగా ఉంచాలి. సమస్య ఒకటే అయినా, ఈ రెండు గడువులకూ కావలసిన జాగ్రత్తలు వేరు.

మొదటి జాగ్రత్త నీళ్లు. రియాక్టరును ఆపేసిన క్షణంలో విచ్ఛిత్తి ఆగిపోయినా, శకలాల క్షయం వల్ల పూర్తి ఉష్ణశక్తిలో ఆరేడు శాతం పుడుతూనే ఉంటుంది. వెయ్యి మెగావాట్ల విద్యుత్తునిచ్చే కేంద్రంలో అది దాదాపు 200 మెగావాట్ల వేడి. ఏడాది గడిచాక కూడా టన్ను ఇంధనం నుంచి సుమారు 10 కిలోవాట్ల వేడి వస్తుంది. అందుకే బయటికి తీసిన కడ్డీలను రియాక్టరు పక్కనే ఉండే లోతైన కొలనులోకి నీటి అడుగునుంచే చేరవేస్తారు. కడ్డీల మీద ఏడెనిమిది మీటర్ల నీరు నిలిచి ఉంటే, ఆ నీరే వేడిని లాగేసుకుంటుంది, వికిరణాన్నీ ఆపుతుంది. గట్టు మీద మనిషి నిలబడి పని చేసుకోవచ్చు. నీటి అడుగున కడ్డీల చుట్టూ కనిపించే నీలిరంగు వెలుగును 1934లో గమనించిన రష్యన్ శాస్త్రవేత్త చెరెంకోవ్ పేరుతోనే పిలుస్తారు. నీటిలో కాంతికి ఉండే వేగాన్ని మించి ఎలక్ట్రాన్లు దూసుకుపోయినప్పుడు అది పుడుతుంది.

అయితే కొలనుకు పంపులు కావాలి, పంపులకు కరెంటు కావాలి. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమాలో సునామీ కరెంటును తుడిచిపెట్టినప్పుడు, నాలుగో యూనిట్ పైఅంతస్తులోని కొలనులో 1,535 ఇంధన కట్టలు ఉన్నాయి. ఆ కొలనులో నీరు ఇంకిపోతుందేమోనన్న భయం కొన్ని రోజులపాటు ప్రపంచాన్ని పట్టి ఊపింది. నీరు నిలిచింది, కట్టలన్నిటినీ 2014 డిసెంబరు నాటికి దించేశారు. కొలను తాత్కాలికమైన మజిలీయే తప్ప శాశ్వత నివాసం కాదన్న సంగతిని ఆ రోజులు నేర్పాయి. ఐదేళ్లో పదేళ్లో నీటిలో చల్లబడిన ఇంధనాన్ని హీలియం నింపిన ఉక్కు పాత్రలో బిగించి, చుట్టూ దళసరి కాంక్రీటు గోడ కట్టి, ఆరుబయట గచ్చు మీద నిలబెట్టే పద్ధతి అమెరికాలో 1980లలో మొదలైంది. ఈ పొడి పీపాలకు పంపుల అవసరం లేదు. కింది రంధ్రాల నుంచి చల్లగాలి దూరి, వేడెక్కి పైనుంచి పోతుంది. ఇవి దశాబ్దాలపాటు నిలుస్తాయి గానీ యుగాల పాటు నిలవవు.

ఒకచోటి నుంచి మరో చోటికి తరలించేటప్పుడు జనం భయపడటం సహజమే, ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయడం తగదు. తరలింపు పాత్ర తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి ఏమాత్రం కుంగని గట్టి తలం మీద పడినా, ఉక్కు మేకు మీద పడినా, 800 డిగ్రీల మంటలో అరగంట ఉన్నా, నీటిలో మునిగినా లోపలి సరుకు బయటికి రాకూడదన్నది అంతర్జాతీయ నియమం. ఈ లెక్కలు సామాన్యులకు నమ్మకం కలిగించవని గ్రహించి, 1984 జులై 17న బ్రిటన్‌లోని ఓల్డ్ డాల్బీ దగ్గర ఒక పరీక్షను అందరికీ చూపించారు. పట్టాల మీద అడ్డంగా పడేసిన 48 టన్నుల ఉక్కు పాత్రను గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చిన రైలు గుద్దింది. ఇంజను నుజ్జునుజ్జయింది, పాత్ర మూత చెక్కుచెదరలేదు. వికిరణాన్ని పక్కనబెడితే, ఇది లోహపు మందానికీ మూత బిగింపుకూ సంబంధించిన పని, మనిషి చేతనైన పని. అసలు చిక్కు, పాత్ర ఆఖరికి ఎక్కడికి చేరాలన్న దాని దగ్గరే మొదలవుతుంది.

ప్రపంచవ్యాప్తంగా అణు విద్యుత్తు మొదలైన నాటినుంచి రియాక్టర్ల నుంచి బయటికి తీసిన ఇంధనం సుమారు నాలుగు లక్షల టన్నులని అంచనా. అందులో మూడో వంతు మాత్రమే పునఃశుద్ధికి వెళ్లింది. వాడిన కడ్డీని ముక్కలుగా కోసి నత్రికామ్లంలో కరిగించి, యురేనియం, ప్లుటోనియంలను రసాయనికంగా వేరుచేసి మళ్లీ ఇంధనంగా వాడుకోవడాన్నే పునఃశుద్ధి అంటారు. ఫ్రాన్స్‌తో పాటు భారతదేశమూ ఈ దారినే ఎంచుకుంది. హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో మన భారజల రియాక్టర్ల కోసం తయారయ్యే ఇంధన కట్ట మూరెడు పొడవుంటుంది; 220 మెగావాట్ల రియాక్టరుకు వెళ్లే కట్టలో 19 సన్నని గొట్టాలను పేర్చి బిగిస్తారు, అలాంటివి ఒక్క రియాక్టరులోనే 3,672 ఉంటాయి. ఇందులో వాడేది సహజ యురేనియం గనుక ఒక్కో కట్ట నుంచి పిండుకోగలిగే శక్తి తక్కువ, అందువల్ల వాడిన కట్టలు ఎక్కువగా పోగుపడతాయి. వాటిని తారాపూర్, కల్పాక్కంలలో శుద్ధిచేస్తారు. చివరికి మిగిలే మహా తీక్షణమైన ద్రవాన్ని బోరోసిలికేట్ గాజులో కలిపి కరిగించి, ఉక్కు డబ్బాల్లో పోసి దిమ్మెలుగా గడ్డకట్టిస్తారు. ఆ ద్రవం నుంచి సీజియంను విడదీసి, రక్తనిధుల్లో రక్తాన్ని వికిరణానికి గురిచేసే యంత్రాలకు వాడటం భాభా అణు పరిశోధన కేంద్రం సాధించిన మంచి పని. అయినా పునఃశుద్ధి చెత్తను తగ్గిస్తుందే తప్ప లేకుండా చేయదు. గాజు దిమ్మెకూ ఎక్కడో ఒకచోట శాశ్వత సమాధి కావాలి.

ఆ సమాధిని అందరికంటే ముందు తవ్వి చూపింది ఫిన్లాండ్. ఆ దేశం తన అణు వ్యర్థాలను బయటికి పంపకూడదని, ఇతరులవి తెచ్చుకోకూడదని 1994లో చట్టాన్ని మార్చుకుంది. అంతకుముందు ఒక కేంద్రపు ఇంధనాన్ని రష్యాకు పంపించేవారు. నైరుతి తీరంలో ఒల్కిలుఓటో అణు కేంద్రం పక్కనే, సుమారు 190 కోట్ల ఏళ్ల నాటి రాతిలో 2004 నుంచి సొరంగం తవ్వారు. దాని పేరు ఒంకాలో, ఫిన్నిష్‌లో చిన్న గుహ అని అర్థం. నేల నుంచి మెలికలు తిరుగుతూ దిగే దారి అడుగుకు చేరేసరికి 400 మీటర్లకు పైగా లోతులో ఉంటుంది. అక్కడ అడ్డ సొరంగాల నేలలో బావుల్లాంటి నిలువు గుంతలు తవ్వుతారు. ఒక్కో గుంతలోకి ఒక్కో పాత్ర దిగుతుంది.

ఆ పాత్రను కాస్త దగ్గరగా చూడాలి. లోపల పోత ఇనుప దిమ్మ, దానిలో ఇంధన కట్టల కోసం పొడవాటి గూళ్లు. బయట ఐదు సెంటీమీటర్ల మందాన రాగి తొడుగు. ఒల్కిలుఓటో మొదటి రెండు రియాక్టర్ల కట్టలైతే ఒక్కో పాత్రలో 12 పడతాయి. ఇనుము బరువును మోస్తుంది, రాగి తుప్పును ఆపుతుంది. మూతను మంటతో కాకుండా, గట్టి లోహపు మొన గిరగిరా తిరిగే రాపిడి వేడితో రాగిలో రాగిని కలిపి అతుకుతారు. పాత్రకూ రాతికీ మధ్య బెంటోనైట్ అనే బంకమట్టిని దిట్టంగా నింపుతారు; తేమ తగలగానే అది ఉబ్బి ప్రతి సందునూ తనే పూడ్చుకుంటుంది, నీటి ప్రవాహాన్ని నత్తనడకకు దింపుతుంది. ఇంధన గుళిక, రాగి పాత్ర, మట్టి, రాయి అనే నాలుగు అడ్డుగోడల్లో ఒకటి తప్పినా తక్కినవి కాపాడాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఆలోచన. మొత్తం 6,500 టన్నుల యురేనియం ఇక్కడ పట్టేలా రూపకల్పన చేశారు. రేడియోధార్మికత లేని పాత్రలతో తుది దశ పరీక్షలు 2024 ఆగస్టులో మొదలయ్యాయి.

రాయి నిజంగా ఇంతకాలం దాచగలదా అన్న అనుమానానికి ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఒక సాక్ష్యం దొరికింది. ఓక్లో గనిలోని యురేనియంలో 1972లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు కొంత లోటును గుర్తించి ఆరా తీస్తే, దాదాపు 200 కోట్ల ఏళ్ల క్రితం భూగర్భ జలాల సాయంతో అక్కడి ఖనిజంలోనే విచ్ఛిత్తి చర్య తనంతట తాను నడిచిందని తేలింది. ఆనాడు పుట్టిన ప్లుటోనియం, శకలాల్లో అధిక భాగం పుట్టిన చోటు నుంచి ఎంతో దూరం కదల్లేదు. ఇది అభయహస్తం కాదు గానీ, ప్రకృతి వేసిన ఒక పెద్ద ప్రయోగం. ఒంకాలో మీద అనుమానాలూ లేకపోలేదు. ఇదే పద్ధతిని ఎంచుకున్న స్వీడన్‌లో, 2018 జనవరిలో భూమి, పర్యావరణ న్యాయస్థానం రాగి తుప్పు పట్టే తీరు మీద ఇంకా ఆధారాలు కావాలంది. ఆ తర్వాతే, 2022లో, ప్రభుత్వం ఫోర్స్‌మార్క్‌లో తవ్వకానికి అనుమతించింది. రెండు దేశాల శాస్త్రజ్ఞులూ రాబోయే హిమయుగాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. కిలోమీటర్ల మందాన మంచు రాతిని నొక్కుతుంది, కరిగాక రాయి మెల్లగా పైకి లేస్తుంది. వెనకటి మంచు బరువు దిగిపోయినందుకు ఒల్కిలుఓటో నేల ఏటా ఆరు మిల్లీమీటర్ల చొప్పున ఇప్పటికీ పైకి లేస్తూనే ఉంది.

ఇంత శాస్త్రం ఉన్నా ఒంకాలో నిలబడింది ఊరి మాట మీదే. ఫిన్నిష్ చట్టం ప్రకారం ఆ ఊరి స్థానిక పాలకమండలి వద్దంటే ఆ పని ఆగిపోవలసిందే. ఒల్కిలుఓటో ఉన్న యూరయోకి పాలకమండలి ఒకప్పుడు దీన్ని వ్యతిరేకించింది, ఏళ్ల తరబడి చర్చించింది, చివరికి 2000లో 20-7 ఓట్లతో సరేనంది. మరుసటి ఏడు పార్లమెంటు 159-3తో ఆమోదించింది. అమెరికాలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. 1987లో కాంగ్రెస్ తక్కిన పోటీ స్థలాలను పక్కనబెట్టి నెవాడాలోని యుక్కా పర్వతాన్ని మాత్రమే ఎంపిక చేసింది. 2002లో ఆ రాష్ట్రం అధికారికంగా వద్దంటే ఆ మాటను తోసిపుచ్చింది. ఎనిమిదేళ్లు గడవకముందే పథకం మూలనపడింది. విద్యుత్ సంస్థల నుంచి ఇంధనాన్ని 1998 జనవరి నుంచి తీసుకెళతానని మాటిచ్చిన ప్రభుత్వం, ఆ మాట తప్పినందుకు ఇప్పటికి వెయ్యి కోట్ల డాలర్లకు పైగా పరిహారం కట్టింది. దాదాపు 90,000 టన్నుల ఇంధనం 70కి పైగా స్థలాల్లో అలాగే ఉండిపోయింది. ప్రజలను ఒప్పించడానికి పట్టే పదేళ్లను ఆదా చేయబోయి, ముప్పై ఏళ్లు పోగొట్టుకున్నారని చెప్పక తప్పదు.

భారతదేశంలో ఊరి సమ్మతి అనే ఈ ప్రశ్న కర్ణాటకలోని కోలార్‌లో ఎదురైంది. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న ఆ జిల్లాలోని బంగారు గనుల్లో, సుమారు వెయ్యి మీటర్ల లోతున, 1980లలో భాభా కేంద్రం ఒక పాత గదిలో విద్యుత్ హీటర్లు అమర్చి, వేడికి రాయి ఎలా స్పందిస్తుందో ఏళ్లపాటు కొలిచింది. రేడియోధార్మిక పదార్థం ఏదీ అక్కడ వాడలేదు. 2001లో గని మూతపడింది. కార్మికుల ఉపాధి పోయింది, సయనైడ్ కలిసిన మట్టి దిబ్బలు మాత్రం ఊళ్ల మధ్యే మిగిలాయి. 2012లో తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగా, వాడిన ఇంధనాన్ని ఆఖరికి ఎక్కడ ఉంచుతారన్న ప్రశ్నకు జవాబుగా కోలార్ పేరు కోర్టు ముందుకు వచ్చింది. ఆ సంగతి అక్కడి జనానికి తెలిసింది వార్తల్లోనే. దిబ్బల నుంచి లేచే దుమ్ముతో ఇప్పటికే అవస్థ పడుతున్న జనం రోడ్లెక్కారు, రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా కాదంది, కోలార్‌లో అలాంటి ఆలోచనేదీ లేదని కేంద్ర ప్రభుత్వం కొద్ది రోజులకే వివరణ ఇచ్చుకుంది. ఆ తర్వాత శాశ్వత సమాధికి ఇంకే ఊరి పేరూ ప్రకటించలేదు. గాజు దిమ్మెల పరిమాణం తక్కువేనని, దశాబ్దాలపాటు చల్లబడాలి గనుక తొందర లేదని అణుశక్తి విభాగం చెబుతోంది. ఈలోగా ఉక్కు డబ్బాల్లోని దిమ్మెలు తారాపూర్ నిల్వశాల నేలకింది గదుల్లో, పొడవాటి చిమ్నీ లాక్కొచ్చే గాలికి నెమ్మదిగా చల్లారుతున్నాయి.