వనభోజనాల్లో మనల్ని తినేవి

కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద మనం పులిహోర తింటూంటే, మనల్ని తినేవాళ్లు కూడా అక్కడే విస్తరి వేసుకు కూర్చుంటారన్న సంగతి పోయిన ఏడాది దాకా నాకు తెలియదు.

మా బావమరిది ఊళ్లో చెరువుగట్టు అవతల ఒక తోట ఉంది. చెట్ల నడుమ మోకాలెత్తు గడ్డి. ఆడవాళ్లు దీపాలు పెట్టుకున్నారు. పిల్లలు గడ్డిలో దొర్లారు. నేను జంపఖానా పరచుకునే ఓపిక లేక, కండువా తలకింద పెట్టుకుని గడ్డిలోనే ఓ కునుకు తీశాను.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూంటే మోకాలి వెనక మినపగింజంత పులిపిరి చేతికి తగిలింది. నిన్న లేదే! కళ్లజోడు పెట్టుకుని చూద్దును గదా, దానికి కాళ్లున్నాయి! నా కేకకి బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"పిడుదు, బావగారూ. గొడ్లకి పడుతుంది" అన్నాడు. ఆ రెండోమాట అనకపోయినా బాగుండేది.

ఒకరు కిరసనాయిలు తెచ్చారు, ఒకరు చుట్టనిప్పు తెచ్చారు. రెండూ వద్దన్నాను. పిడుదుని అలా బాధపెడితే దాని లోపలి విషద్రవమంతా మన ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. సన్నమూతి పట్టకారుతో, చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. పొట్ట నొక్కకూడదు. తరవాత సబ్బుతో కడుక్కోవాలి. 1957లో కన్నడసీమలోని క్యాసనూరు అడవిలో కోతుల్ని చంపి, మనుషుల్ని మంచాన పడేసిన జ్వరాన్ని మోసుకొచ్చింది ఈ జాతివే కాబట్టి, ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు.

కనిపించే పురుగు కోసం ఇంత హడావిడి చేశాం. కనిపించనిదాన్ని ఎవరూ తలుచుకోలేదు.

పన్నెండోనాడు మా ఆవిడ మేనకోడలికి జ్వరం వచ్చింది. పదహారేళ్ల పిల్ల. విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు. మలేరియా అన్నారొకరు, టైఫాయిడ్ అన్నారొకరు. రక్తపరీక్షలు రెండూ కాదన్నాయి. మందులు మారుతున్నాయి గాని జ్వరం దిగలేదు. ఏడోనాటికి ఆయాసం మొదలైంది. భయపడి టౌనుకి తీసుకెళ్లాం.

అక్కడి డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, "ఈమధ్య తోటకో చేనుకో వెళ్లారా అమ్మా?" అని అడిగింది. వనభోజనాల సంగతి చెప్పగానే పిల్లని లోపలికి తీసుకెళ్లి చంకలూ, మెడా, నడుమూ వెతికింది. లంగా బొందు కట్టుకునే చోట దొరికింది: బీడీతో కాల్చినట్టు ఒక నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పీ లేదు, దురదా లేదు. అందుకే పిల్ల ఎవరికీ చెప్పలేదు.

దాని పేరు స్క్రబ్ టైఫస్. ఆరుద్ర కార్తెలో తొలకరికి ఎర్ర మఖమలు ముక్కల్లా నడిచే ఆరుద్ర పురుగులున్నాయే, వాటికి దూరపు చుట్టం ఈ జ్వరం తెచ్చే పురుగు. పెద్దపురుగు మన జోలికి రాదు. కరిచేది దాని పిల్ల. మిల్లీమీటరులో అయిదోవంతు ఉంటుంది, ఆరే కాళ్లు. గడ్డిపరక మీద కాచుకుని ఉండి, మన బట్టలకంటుకుని, బొందు బిగిసినచోటికో మడత పడినచోటికో పాకుతుంది. నెత్తురు తాగదు, చర్మాన్ని కరిగించి ఆ ద్రవం తాగి రాలిపోతుంది. రోగక్రిమిని తల్లిపురుగు గుడ్డులోనే పిల్లకి పెట్టి పంపుతుంది, పుట్టింటి సారెలాగ!

రెండో ప్రపంచయుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో ఎందరో సిపాయిల్ని ఇది పడగొట్టింది. అప్పుడు దీనికి మందు లేదు. 1948లో మలయాలో క్లోరాంఫెనికాల్ పనిచేస్తుందని తేల్చారు. ఇప్పుడు డాక్సీసైక్లిన్ అనే చవకబారు మాత్ర చాలు. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులూ, మూత్రపిండాలూ, మెదడూ దెబ్బతింటాయి, ప్రాణం పోతుంది. ఏడు రోజులు మేం ఖర్చుపెట్టిన డబ్బుతో ఊరందరికీ ఆ మాత్రలు కొనివ్వొచ్చు.

పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆ సాయంత్రమే డాక్టరమ్మ మందు మొదలుపెట్టింది. రెండో రాత్రి జ్వరం దిగింది. మూడోనాడు పిల్ల చారన్నం అడిగితే, బావమరిది వరండాలోకి వెళ్లి ఒంటరిగా నిలబడ్డాడు.

పక్కు అందరికీ కనబడదట. కనబడకపోయినా, గడ్డిలో తిరిగిన మూడువారాల్లోపల జ్వరం వస్తే, తిరిగిన సంగతి డాక్టరుకి ముందుగా చెప్పాలి. ఎవరూ అడగలేదని మేం చెప్పలేదు.

ఈ ఏడూ వనభోజనాలకి వెళ్లాం. ఒంటినిండా బట్టలు, కాళ్లకి దోమలమందు. తడిబట్టలు పొదల మీద ఆరేయనివ్వలేదు. ఇంటికి రాగానే అందరికీ సబ్బుతో వేణ్ణీళ్ల స్నానాలు, విడిచిన బట్టలన్నీ మరుగునీళ్లలోకి. తోటలోకి జంపఖానా మోసింది మా ఆవిడ మేనకోడలే. బావమరిది మాత్రం గుమ్మంలో నన్నాపి, "ముందు మోకాళ్ల వెనక చూపించండి బావగారూ" అన్నాడు.