పదిహేను లక్షల బైకు కిలోమీటరుకు ఎంత?

లీటరు ఇంజను బైకు కొంటానంటే ఇంట్లోవాళ్లు మైలేజీ అడుగుతారు. స్నేహితులేమో ‘మాటిమాటికీ షెడ్డుకెళ్తుందట కదా’ అని భయపెడతారు. రెండూ అడగాల్సినవే. అయితే బండి చెడిపోవడం వేరు, దాన్ని పోషించడం భారం కావడం వేరు. ఏ చెడూ లేకుండా ఏళ్ల తరబడి తిరిగే బండి కూడా జేబుకు చిల్లు పెట్టగలదు. అందుకు ఒక కారణం ఇంజను నిర్మాణంలోనే, ముఖ్యంగా వాల్వుల్లో ఉంటుంది.

ఇంజను నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతుంటే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ 5,000 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 83 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. తెరిచేది క్యామ్, మూసేది స్ప్రింగు. వేడికి వాల్వు కాడ సాగుతుంది కనుక, మూసి ఉన్నప్పుడు పైన 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా సందు వదులుతారు. వేల కిలోమీటర్లు తిరిగేసరికి వాల్వు తాను ఆనుకునే సీటును కొద్దికొద్దిగా అరగదీసి లోపలికి దిగుతుంది. కాడ పైకి జరిగి ఆ సందు తగ్గుతుంది. సందు పూర్తిగా పోతే వాల్వు సీటు మీద గట్టిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు ద్వారానే వదిలించుకుంటుంది. ఆ దారి మూసుకుపోతే అది కాలిపోతుంది. సందు ఎక్కువైన వాల్వులు టకటకమని చప్పుడు చేసి హెచ్చరిస్తాయి, సందు పోయినవి మాత్రం చప్పుడు చేయవు.

మెకానిక్కులు ‘ట్యాపెట్ సెట్టింగ్’ అనేది ఈ సందును సరిచేసే పనినే. చాలా చిన్న బళ్లలో అది ఒక స్క్రూ, ఒక స్పానరుతో అయిపోతుంది. వేగంగా తిరిగే పెద్ద ఇంజన్లలో మాత్రం సందును కొలిచే ఫీలర్ గేజ్ లోపలికి పోనివ్వాలంటేనే ట్యాంకు, ఎయిర్‌బాక్సు, కొన్నింట్లో రేడియేటరు కూడా విప్పాలి. తేడా కనిపిస్తే క్యామ్‌షాఫ్ట్ పైకి తీసి, షిమ్ అనే చిన్న ఉక్కు బిళ్ల మార్చాలి. బిళ్ల ఖరీదు స్వల్పమే. బిల్లులో కనిపించేదంతా దాన్ని చేరుకోవడానికి పట్టిన గంటల కూలి.

డుకాటి కథ దీనికి మంచి ఉదాహరణ. పాతకాలపు స్ప్రింగులు అతివేగంలో వాల్వును సకాలంలో మూయలేకపోయేవి. ఇటలీలోని బొలోన్యాలో ఆ సంస్థ ఇంజనీరు ఫాబియో తాల్యోని 1956లో 125 సీసీ రేసు బండికి ‘డెస్మోడ్రోమిక్’ పద్ధతి పెట్టాడు. అందులో వాల్వును తెరవడానికి ఒక రాకర్, మూయడానికి మరొకటి ఉంటాయి. కాబట్టి ఒక్కో వాల్వుకు చూసుకోవాల్సిన సందులు రెండు. ఒకప్పుడు 10,000 కిలోమీటర్లకే చేయాల్సిన ఆ తనిఖీ తర్వాతి మోడళ్లలో 24,000కు, 30,000కు పెరిగింది. లోహాలు మెరుగుపడ్డాక 2020లో మల్టీస్ట్రాడా వీ4 కోసం ఆ సంస్థే మళ్లీ స్ప్రింగులకు వచ్చింది. వాల్వు తనిఖీ గడువు 60,000 కిలోమీటర్లకు పెరిగింది. మరోవైపు, హార్లీ డేవిడ్సన్ పెద్ద వీ-ట్విన్ ఇంజన్లలోని హైడ్రాలిక్ లిఫ్టర్లు సందును ఆయిల్ ఒత్తిడితో తామే సర్దుకుంటాయి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. లీటరు పెట్రోలు 107 రూపాయలు, మైలేజీ 18 అనుకుంటే కిలోమీటరుకు ఆరు రూపాయలు. పట్టు కోసం మెత్తటి రబ్బరుతో చేసిన వెనక టైరు 18,000 రూపాయలై, 9,000 కిలోమీటర్లు వస్తే మరో రెండు రూపాయలు. 24,000 కిలోమీటర్లకోసారి వాల్వు సర్వీసుకు 40,000 అయినా కిలోమీటరుకు పడేది రూపాయి డెబ్బై పైసలే. అందరూ భయపడే ఖర్చు ఇంతే!

అసలు దెబ్బ విలువ తరుగుదలది. బీమా లెక్క ప్రకారం నాలుగేళ్లు దాటిన బండి విలువ సగానికి పడిపోతుంది. పదిహేను లక్షల బండి ఐదేళ్లలో ఏడున్నర లక్షలు పోగొట్టుకుంటుందన్నమాట. మార్కెట్లో ధర కాస్త అటూఇటూగా ఉండొచ్చు. ఏడాదికి 5,000 కిలోమీటర్లే తిరిగితే తరుగుదల ఒక్కటే కిలోమీటరుకు 30 రూపాయలు, పెట్రోలుకు ఐదింతలు. తక్కువ తిరిగితే ఖర్చు తగ్గుతుందనుకుంటాం, కానీ కిలోమీటరు ఖరీదు పెరుగుతుంది.

పైగా బండి కదలకపోయినా బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీలుస్తుంది. అందుకే రెండేళ్లకోసారి దాన్ని మార్చమంటారు. అలారం, గడియారం, ఇంజను కంప్యూటరు (ఈసీయూ) కలిసి బ్యాటరీని మెల్లగా తాగేస్తాయి. రబ్బరు గట్టిపడుతుంది. పార్కింగులో పక్కకి పడినా ప్లాస్టిక్ ఫెయిరింగు పగులుతుంది. మామూలు బీమాలో ప్లాస్టిక్ భాగాల ధరలో సగం కోసేస్తారు. ఇలాంటి బళ్లకు ఆ కోత ఉండని జీరో డిప్రిసియేషన్ బీమా తీసుకోమనేది అందుకే.

మన ఎండలూ పరీక్షే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నత్తనడక నడిచే పెద్ద ఇంజనుకు ఎదురుగాలి దక్కదు. రేడియేటరు ఫ్యాను మీదే భారమంతా పడుతుంది. కూలెంటు సమయానికి మార్చని బండి వేసవిలో మొరాయిస్తే తప్పు ఇంజనుది కాదు.

సెకండ్ హ్యాండ్ కొంటే తరుగుదల చాలావరకు మొదటి యజమానే భరించి ఉంటాడు. అయితే 24,000కు వాల్వు తనిఖీ ఉన్న బండి 22,000 దగ్గర అమ్మకానికొస్తే జాగ్రత్త. పెద్ద సర్వీసు బిల్లు మీకోసం ఎదురుచూస్తోంది. ఆ మొత్తాన్ని ధరలో తగ్గించి బేరమాడండి.

షోరూములో హార్స్‌పవర్ అడిగే ముందు నాలుగు విషయాలు అడగండి. వాల్వు తనిఖీ ఎన్ని కిలోమీటర్లకు? దాని కూలి ఎంత? దగ్గర్లో సర్వీసు సెంటరు ఎక్కడ? విడిభాగం రావడానికి ఎన్నాళ్లు? ఏడాదికి ఎంత తిరుగుతారో నిజాయితీగా రాసుకుని, తరుగుదలతో సహా ఏడాదికయ్యే మొత్తం ఖర్చును దానితో భాగించండి. ఆ అంకె చూశాక కూడా కొనాలనిపిస్తే, ఆ బండి మీకు తగినదే.