మోటరుకు చెవులుంటే సాలదు, గొంతు గుర్తు పట్టల్ల

బోరుకాడికి పరిగెత్తే పనిని తగ్గించింది మొబైల్ స్టార్టరు. డబ్బాలో ఒక సిమ్ము ఉంటాది. ఇంట్లో కూర్చోని ఫోను చేస్తే సేన్లో మోటరు ఆడతాది. మదనపల్లె టమాటా మడి కానీ, కుప్పం పక్క మల్బరీ తోట కానీ, సుఖం సుఖమే.

అయితే ఒక్క మాట అడగల్ల. ఆ సిమ్ము నంబరు తెలిసిన ఇంగొకడు ఫోను చేస్తే? నీ నంబరుకు మాత్రమే పలికేట్ల పెట్టుకోనుంటే రవ్వంత నయం. కానీ ఫోను చేసే నంబరును దొంగగా మార్చి చూపించే దార్లు ఉండాయి. నీళ్లు లేని బోర్లో మోటరు రాత్రంతా ఆడితే కాలిపోయేది ఎవురిది?

పుంగనూరు ఆవు చెవికి 12 అంకెల ట్యాగు ఏస్తారు కదా. ఆ నంబరు ఎవురైనా చదవచ్చు. అది ఏ ఆవో చెప్తాది కానీ, నంబరు చెప్పినోడే సొంతదారని చెప్పదు. మన ఇంజనీరింగు పిల్లోళ్లు వాడే ఈఎస్‌పీ32 చిప్పుకు ఫ్యాక్టరీలో ఏసిన మ్యాక్ అడ్రసు కూడా అట్లాంటి చెవిట్యాగే. పేరు వేరు, రుజువు వేరు.

రుజువంటే ఆ డబ్బాకు మాత్రమే తెలిసిన గుట్టు. సర్వరు ప్రతిసారీ కొత్త ప్రశ్న అడుగుతాది. డబ్బా తన ప్రైవేటు కీతో సంతకం పెట్టి పంపిస్తాది. కీ బయటికి పోదు. నిన్నటి సంతకాన్ని దొంగ పట్టుకున్నా ఈపొద్దు ప్రశ్నకు అది పనికిరాదు. డబ్బా కూడా సర్వరు సర్టిఫికెట్టు చూసే మాట్లాడల్ల.

అన్ని డబ్బాలకూ ఒకే పాస్‌వర్డు పెడితే ఏమైతాదో 2016లో లోకమంతా చూసింది. మిరాయ్ అనే వైరసు, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు అరవై చిల్లర పట్టుకోని కెమెరాలు, రౌటర్లలో దూరింది. అక్టోబరు 21న ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ లాంటివే చానామందికి తెరుచుకోలేదు. రాస్ప్‌బెర్రీ పై వాళ్లు 2022లో ఎప్పట్నించో ఉన్న 'పై' అనే యూజరును తీసేసినారు. 2024 ఏప్రిల్ 29 నించి బ్రిటన్‌లో అన్నిటికీ ఒకే పాస్‌వర్డుతో పరికరాలు అమ్మకూడదు.

మరి ప్రాజెక్టు చేసే పిల్లోళ్లు ఏం చేయల్ల? ఎంక్యూటీటీ వాడితే 1883 పోర్టు వదిలి, టీఎల్‌ఎస్ ఉండే 8883కి రండి. పేరు చెప్పనోళ్లకు తలుపు మూసేయండి. ఒక్కో డబ్బాకు ఒక్కో కీ ఇయ్యండి. ఒకటి దొంగలు ఎత్తకపోతే దాన్నొక్కదాన్నే కొట్టేస్తే సరి, మిగతావి నడస్తాయి. తేమ చూసే డబ్బాకు మోటరు ఆపే అధికారం ఇయ్యద్దు. లినక్సు పెట్టెకు పాస్‌వర్డు లాగిన్ తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టండి.

మన కరెంటు సంగతి కూడా గుర్తుండల్ల. కరెంటు పోయి వస్తే ఈఎస్‌పీ32 గడియారం 1970కి పోతాది. తేదీ చూసేట్ల పెట్టుంటే, మంచి సర్టిఫికెట్టును కూడా 'ఇంకా మొదలుకాలేదు' అని తోసేస్తాది. అందుకే ముందు నెట్టులో టైము తెచ్చుకోని, ఆ తర్వాతే సర్వరు తలుపు తట్టల్ల.

రైతన్నలు డబ్బా కొనేటప్పుడు మూడే మాటలు అడగండి. పాస్‌వర్డు ఒక్కోదానికి వేరేనా? నేను మార్చుకోవచ్చా? డబ్బా పోతే దాని మాట చెల్లకుండా చేయచ్చా? అంగిట్లో వాడు నీళ్లు నమిలితే, ఇంగో అంగడి చూసుకోండి.