వెలుతురుతో నీళ్ళు కొలవొచ్చా?

మా అనంతపురం వైపు ఇద్దరు రైతులు కలిస్తే యోగక్షేమాల తర్వాత వచ్చే మొదటి ప్రశ్న "ఎన్నడుగులకి పడిందప్పా?" అని. పడింది అంటే బోరులో నీళ్ళు పడ్డాయని. మూడొందలా, ఆరొందలా, వెయ్యా? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ వాన కురిసే నేల మాది. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి, ఈశాన్య మబ్బులు మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. నేల కింద గట్టి రాయి, ఆ రాతి పగుళ్ళలోనే నీళ్ళు. ఆ పగులు ఎక్కడుందో చెప్తామని అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్ళున్నారు, నేలలోకి కరెంటు పంపి నిరోధం కొలిచే మీటర్లు తెచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ డబ్బులిస్తాం.

మా ఇంట్లో ఇప్పటిదాకా ఆరు బోర్లు వేశారు. రెండింట్లో నీళ్ళు పడ్డాయి. అందులో ఒకటి ఎండాకాలం వస్తే గాలి తప్ప ఇంకేం ఇవ్వదు. ఏడోది వెయ్యాలా వద్దా అనే మాట ఈ ఏడూ నడుస్తోంది. అందుకే క్లాసులో లేజర్ల పాఠం మొదలైనప్పుడు నా బుర్రలో తిరిగిన ప్రశ్న ఒకటే: ఈ వెలుతురుతో నీళ్ళు కొలవొచ్చా? ఆ ప్రశ్న వెంట పడితే దొరికిందే ఈ వ్యాసం. లెక్కలు తక్కువ, కథ ఎక్కువ. సివిల్, మెకానికల్ మిత్రులు కూడా ధైర్యంగా చదవొచ్చు.

పచ్చ పాయింటర్ గుట్టు

సెమినార్ హాల్లో వాడే పచ్చ లేజర్ పాయింటర్ మీద 532 నానోమీటర్లు అని రాసి ఉంటే, దాని లోపల పచ్చ వెలుతురు పుట్టించే పదార్థం ఏదీ లేనట్టే లెక్క. లోపల నియోడిమియం కలిపిన చిన్న స్ఫటికం ఉంటుంది. అది ఇచ్చేది 1064 నానోమీటర్ల పరారుణ కాంతి, మన కంటికి కనబడదు. దాని ముందు కేటీపీ అనే ఇంకో స్ఫటికం పెడతారు. అందులోంచి వెళ్ళేటప్పుడు కొంత కాంతి తరంగదైర్ఘ్యం సరిగ్గా సగమవుతుంది. 1064లో సగం 532. అదే మనం చూసే పచ్చ.

ఇదెలా? జాతరలో మైకు సెట్టు గుర్తు తెచ్చుకోండి. వాల్యూమ్ తక్కువగా ఉన్నంతసేపు పాట పాటలాగే వస్తుంది. పూర్తిగా తిప్పేస్తే స్పీకరు బరబరమంటుంది. ఆంప్లిఫయర్ మోయలేక తరంగం కొసలు కోసేస్తుంది, దాంతో అసలు పాటలో లేని రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలు పుట్టుకొస్తాయి. స్ఫటికంలోని ఎలక్ట్రాన్ల పరిస్థితీ ఇదే. మామూలు వెలుతురుకి అవి బుద్ధిగా ఊగుతాయి. లేజర్ అంత గట్టిగా ఊపితే ఊపుకి తగ్గ నిష్పత్తిలో ఊగలేక గాడి తప్పుతాయి, రెట్టింపు ఫ్రీక్వెన్సీ పుడుతుంది. నాన్‌లీనియర్ ఆప్టిక్స్ అంటే భయపెట్టే పేరే కానీ, విషయం ఇంతే అన్నమాట.

ఇంకో సూక్ష్మం ఉంది. తరంగాన్ని పైనా కిందా సమానంగా కోస్తే బేసి రెట్లే వస్తాయి, రెట్టింపు రాదు. అది మన ఈసీఈ ల్యాబులోనే చూడొచ్చు. రెట్టింపు కావాలంటే ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ కోయాలి. స్ఫటికానికీ అదే నియమం: కేంద్రానికి అటూ ఇటూ ఒకేలా ఉండే స్ఫటికం ఈ పనికి పనికిరాదు. ఏ సౌష్ఠవం ఉన్న స్ఫటికం ఏ ధర్మం చూపగలదో లెక్కగట్టే గణితాన్ని మనవాళ్ళే వాల్తేరులో పుస్తకంగా రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి భౌతికశాస్త్రంలో గ్రూపు సిద్ధాంతం మీద రాసిన ఆ గ్రంథం 1948లో వచ్చింది. అప్పటికి లేజర్ పుట్టలేదు. 1960లో పుట్టింది.

ఆ తర్వాతి ఏడాదే, 1961లో, అమెరికాలో పీటర్ ఫ్రాంకెన్ బృందం ఎర్రటి రూబీ లేజర్‌ని క్వార్ట్జ్‌లోంచి పంపి రెట్టింపు ఫ్రీక్వెన్సీని ఫొటో ప్లేటు మీద పట్టుకుంది. ఆ చుక్క ఎంత చిన్నదంటే, అచ్చు వేసేటప్పుడు అదేదో మరక అనుకుని తుడిచేశారట. ప్రసిద్ధమైన ఆ పరిశోధన పత్రంలో బాణం గుర్తు ఉంటుంది, అది చూపించే చోట ఏమీ ఉండదు!

డ్రిప్పు, తూము

స్ఫటికాన్ని గట్టిగా ఊపాలంటే బోలెడంత కరెంటు కావాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. మా తోటల్లో డ్రిప్పు పైపు రోజంతా చుక్క చుక్కగా వదిలే నీళ్ళనే తొట్టిలో పట్టి ఒక్కసారి తూము ఎత్తితే గట్టు తెగిపోతుంది. నీళ్ళు అవే, సమయం తగ్గింది. అతి వేగపు లేజర్లు చేసేది కూడా అదే.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. సగటున 0.8 వాట్ల లేజర్, చిన్న ఎల్ఈడీ బల్బు కన్నా తక్కువ. అది ఆ శక్తిని సెకనుకి 8 కోట్ల ముక్కలుగా, ఒక్కో ముక్క 100 ఫెమ్టోసెకన్ల నిడివితో వదిలితే, ఆ ముక్క ఉన్నంతసేపు దాని బలం లక్ష వాట్లు. ఫెమ్టోసెకను ఎంత చిన్నదంటే, ఒక సెకనులో ఎన్ని ఫెమ్టోసెకన్లు ఉన్నాయో, 3 కోట్ల 17 లక్షల సంవత్సరాల్లో అన్ని సెకన్లు ఉన్నాయి. ఒక సెకనులో భూమి చుట్టూ ఏడుసార్లు తిరిగే కాంతి కూడా 100 ఫెమ్టోసెకన్లలో 30 మైక్రోమీటర్లే కదులుతుంది. మన తల వెంట్రుక మందం కూడా దాటదు.

స్క్రూగేజితో ఫెమ్టోసెకను

మరి అంత చిన్న నిడివిని కొలిచేదెలా? ప్రపంచంలో ఏ ఆసిలోస్కోపూ అంత వేగంగా స్పందించలేదు. వీధిలో పరిగెత్తేవాడి వేగం చూడాలంటే ఇంకా వేగమైన గడియారం కావాలి. అన్నిటికన్నా వేగమైనది ఈ కాంతి తునకే అయినప్పుడు దాన్ని దేనితో కొలవాలి?

దానితోనే. తునకని అద్దంతో రెండుగా చీలుస్తారు. ఒక సగాన్ని నేరుగా, ఇంకో సగాన్ని కాస్త చుట్టుదారిలో పంపి, రెండిటినీ వేరువేరు కోణాల్లో ఒకే నాన్‌లీనియర్ స్ఫటికంలో కలుపుతారు. రెండు తునకలూ ఒకే సమయానికి అక్కడ చేరితేనే వాటి మధ్య దిశలో రెట్టింపు ఫ్రీక్వెన్సీ పుడుతుంది. ఒకటి ముందొచ్చి వెళ్ళిపోతే ఏమీ రాదు. చుట్టుదారిలోని అద్దాన్ని మెల్లగా జరుపుతూ ఆ వెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూస్తే తునక నిడివి తెలిసిపోతుంది.

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబులో స్క్రూగేజి కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు, అంటే 10 మైక్రోమీటర్లు. అద్దం అంత జరిగితే కాంతి పోయి రావడానికి 20 మైక్రోమీటర్లు ఎక్కువ దూరం. సమయంలో అది సుమారు 67 ఫెమ్టోసెకన్లు. మనం విసుక్కుంటూ తిప్పిన స్క్రూ మీద ఒక్క గీత అన్నమాట! సమయాన్ని దూరంగా మార్చడం, కలయికని రంగుగా మార్చడం. ఈ రంగంలో సగం తెలివి ఇక్కడే ఉంది.

వెలుతురుకి దువ్వెన

మిగతా సగం దువ్వెనలో ఉంది. ఒకే లయలో తునకలు వదిలే లేజర్‌ని రంగులుగా విడదీస్తే, అది ఒకే రంగుగా ఉండదు, నునుపైన ఇంద్రధనుస్సులాగానూ ఉండదు. పేల దువ్వెనలాగా సమాన దూరాల్లో లక్షల సన్నటి గీతలు ఉంటాయి. సెకనుకి 8 కోట్ల తునకలు వదిలితే పళ్ళ మధ్య దూరం 8 కోట్ల హెర్ట్జ్. దీన్ని అణు గడియారంతో సరిచూడొచ్చు.

చిక్కు ఒక్కటే. దువ్వెన మొత్తంగా సున్నా నుంచి ఎంత పక్కకి జరిగి ఉందో తెలియదు. కాంతి ఫ్రీక్వెన్సీ సెకనుకి వందల లక్షల కోట్లు, ఏ కౌంటరూ నేరుగా లెక్కపెట్టలేదు. ఇక్కడ మళ్ళీ పచ్చ పాయింటర్ యుక్తి కాపాడింది. దువ్వెనలో ఎర్ర కొసన ఉన్న ఒక పన్ను తీసుకుని స్ఫటికంలో రెట్టింపు చేయండి. పన్నుతోపాటు ఆ జరుగుడు కూడా రెట్టింపవుతుంది. నీలం కొసన, రెట్టింపు సంఖ్య ఉన్న పంటిలో మాత్రం జరుగుడు ఒక్కసారే ఉంటుంది. రెండిటినీ కలిపితే తేడాగా మిగిలేది ఆ జరుగుడే. శ్రుతి కాస్త తప్పిన రెండు తీగలు కలిపి మీటితే వినబడే ఊగుడులాగా, ఆ తేడా మామూలు ఎలక్ట్రానిక్స్‌కి అందుతుంది. దీంతో మొదటిసారి కాంతి ఫ్రీక్వెన్సీని సూటిగా లెక్కపెట్టగలిగారు. దీన్ని సాధించినందుకే జాన్ హాల్, థియోడర్ హెన్ష్‌లు 2005 నోబెల్ బహుమతిలో సగం పంచుకున్నారు.

ఇక నీళ్ళ సంగతి

మొదట మనకి దగ్గరి ఉదాహరణ. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. 1998లో జపాన్ సహకారంతో అక్కడ లైడార్ పెట్టారు. మబ్బులేని రాత్రుల్లో ఆకాశంలోకి పచ్చ లేజర్ తునకలు వదిలి, గాలి అణువులూ దుమ్మూ చెదరగొట్టి వెనక్కి పంపే కాంతిని టెలిస్కోపుతో పడతారు. తిరిగొచ్చే సమయంలో ఒక మైక్రోసెకను ఆలస్యమంటే 150 మీటర్ల ఎత్తు. దాని గుండె కూడా నియోడిమియమే, పచ్చ కూడా రెట్టింపు చేసిందే. ఎందుకు రెట్టింపు చేయాలంటారా? గాలి అణువులు కాంతిని చెదరగొట్టే శక్తి తరంగదైర్ఘ్యం సగమైతే 16 రెట్లు పెరుగుతుంది. చేతిలో పాయింటర్, గాదంకి ఆకాశం, రెండూ ఒకే సూత్రం.

రెండో ఉదాహరణ నేలకింది నీళ్ళది. 2018లో గ్రేస్ ఫాలో-ఆన్ అనే రెండు ఉపగ్రహాలని పంపారు. సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి. కింద నీళ్ళు ఎక్కువుంటే బరువెక్కువ, ఆకర్షణ ఎక్కువ, ముందున్నది కాస్త ముందుకి లాగబడుతుంది. ఆ ఎడంలో మార్పుని మైక్రోవేవ్‌లు మైక్రోమీటర్ స్థాయిలో పడితే, లేజర్ నానోమీటర్ల స్థాయికి దిగింది. ఆ లేజర్ 1064 నానోమీటర్లదే! వీటికి ముందు తిరిగిన గ్రేస్ ఉపగ్రహాల లెక్కతోనే, 2002-2008 మధ్య రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం పోయిందని 2009లో తేలింది. కాకపోతే ఈ కన్ను చూడగలిగేది సుమారు 300 కిలోమీటర్ల చదరాలని. రాయలసీమ మొత్తం అందులో ఒక చుక్క. మా చేను ఆ చుక్కలో ఎక్కడా కనబడదు.

మూడోది దువ్వెన. పళ్ళ దూరంలో చిన్న తేడా ఉన్న రెండు దువ్వెనలు తీసుకుంటే అవి వెర్నియర్ కాలిపర్స్‌లో రెండు స్కేళ్ళలాగా పనిచేస్తాయి. గాలిలో ఏ వాయువు ఏ పంటిని ఎంత మింగిందో ఒక్కసారే తెలుస్తుంది. 2014లో అమెరికాలో 2 కిలోమీటర్ల బయటి గాలిలో నీటి ఆవిరి, మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌లని ఇలా కొలిచి చూపించారు. తర్వాత కాన్సస్‌లో పశువుల దొడ్డి పక్కనా కొలిచారు. నాకు ఆశ పుట్టించింది ఇదే. బోరులోంచి తోడిన నీటిలో చెట్టు తాగిందెంత, ఆవిరైపోయిందెంత అనేది గాలిలో రాసి ఉంటుంది. దాన్ని చదవగలిగితే ఉన్న నీళ్ళు ఎన్ని రోజులొస్తాయో తెలుస్తుంది.

"లేజర్‌తో వాన కురిపించొచ్చుగా?" అని మా రూమ్మేట్ అడిగాడు. విమానాలతో మేఘమథనం చూసిన జిల్లా కదా, ఆ ప్రశ్న సహజం. 2010లో జెనీవా, బెర్లిన్ శాస్త్రవేత్తలు ఫెమ్టోసెకను లేజర్ దారిలో తేమ గాలి సన్నటి తుంపరగా మారడం చూశారు. కానీ 10 మైక్రోమీటర్ల తుంపర చుక్కలు 10 లక్షలు కలిస్తే ఒక మిల్లీమీటరు చినుకు. అక్కడికీ వానకీ చాలా దూరం. లేజర్ మబ్బుని తేలేదు.

రాతి లోపలికీ చూడలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే రేపు ఎవరైనా ‘లేజర్‌తో నీళ్ళు చూస్తాం’ అని ఊళ్ళోకి రావచ్చు. వెలుతురు గ్రానైట్‌లో నాలుగు వేళ్ళ లోతు కూడా పోదు. కొబ్బరికాయకి ఇచ్చినట్టు దానికీ డబ్బులిస్తే అప్పు ఇంకాస్త పెరుగుతుంది, అంతే. నేను ఇంట్లో చెప్పింది కూడా ఇదే. కొత్త బోరుకి పెట్టే డబ్బులో చిన్న వంతు పెట్టి, ఉన్న బోర్లలో నీటిమట్టం వారం వారం రాసుకుందాం, మోటారుకి మీటరు పెడదాం అన్నాను. కొలవడం మొదలుపెడితే లేజర్ కన్నా ముందు తాడూ బరువూ కూడా పనికొస్తాయి.

ఈ విద్య నేర్చుకోవాలంటే విదేశాలకే వెళ్ళనక్కర్లేదు. మొన్నటిదాకా మా జిల్లాలోనే ఉన్న పుట్టపర్తిలో, శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ భౌతికశాస్త్ర విభాగంలో నాన్‌లీనియర్ ఆప్టిక్స్ మీద పరిశోధన జరుగుతోంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకను లేజర్లతో పేలుడు పదార్థాలని గుర్తించే పని చేస్తున్నారు. ఆ తలుపులు బీటెక్ వాళ్ళకి మూసి ఉన్నాయనుకోకండి, ఇంటర్న్‌షిప్ అడిగి చూడండి. దువ్వెన లేజర్ ఇప్పుడు ఖరీదైన వస్తువే. జీపీఎస్ కూడా ఒకప్పుడు సైన్యం దగ్గరే ఉండేది. శనక్కాయ చేను గట్టున పెట్టి మర్చిపోగలిగేంత చవగ్గా, దుమ్ముకీ నలభై రెండు డిగ్రీల ఎండకీ ఆగేలా దాన్ని తయారుచేయడం ఫిజిక్స్ వాళ్ళ పని కాదు, ఇంజినీర్ల పని. అంటే మన పని.