వెండితెరపై స్నేహబంధం

మన సాహిత్యంలో స్నేహానికి విశిష్టమైన స్థానం ఉంది. పోతన భాగవతంలో, చినిగిన వస్త్రంతో వచ్చిన కుచేలునికి శ్రీకృష్ణుడు ఎదురేగి, కౌగిలించుకొని, పాదాలు కడుగుతాడు. గురుకులంలో గడిపిన రోజులను మిత్రులిద్దరూ తలచుకొంటారు. ఇంతటి ఆప్యాయత వల్ల కృష్ణుని పౌరుషానికి లోటు కలిగినట్లు కవి భావించలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో స్నేహగాథలను ఇంటింటికీ చేర్చిన సాధనం చలనచిత్రం. 1964లో వచ్చిన హిందీ చిత్రం 'దోస్తీ'లో ఇద్దరు పేద బాలురు కథానాయకులు. ఒకరికి చూపు లేదు. మరొకరికి కాలు సరిగా లేదు. ఒకరికొకరు ఆసరాగా నిలవడమే అందులోని కథ.

1975 నాటి 'షోలే' నాటికి స్నేహం చేతికి తుపాకి వచ్చింది. మిత్రుడైన వీరూను సురక్షితంగా పంపించడానికి జయ్ నాణెం ఎగురవేస్తాడు. శత్రువులను ఒంటరిగా ఎదుర్కొని మరణిస్తాడు. ఆ నాణేనికి రెండువైపులా ఒకే బొమ్మ ఉందని వీరూకు తరువాతగాని తెలియదు. జయ్ ప్రేమ లోతు అతని మరణం తరువాతనే బయటపడింది.

2022లో విడుదలైన రాజమౌళి చిత్రం 'ఆర్ఆర్ఆర్' అల్లూరి సీతారామరాజు, కొమురం భీం పేర్లతో ఒక కల్పిత స్నేహాన్ని చిత్రించింది. మంటల్లో చిక్కిన బాలుణ్ణి రక్షిస్తూ వారు తొలిసారి చేతులు కలుపుతారు. చెరసాల నుండి విడిపించిన రాముణ్ణి భీముడు భుజాలపై మోస్తాడు. 2023లో ఆస్కార్ పొందిన 'నాటు నాటు' పాట చివర, భీముణ్ణి గెలిపించడానికి రాముడు కావాలనే ఓడిపోతాడు. మిత్రుని కోసం ఓడిపోవడం కూడా వీరత్వమేనని ఆ ఘట్టం సూచిస్తుంది.

ఈ చిత్రాలు స్నేహాన్ని మహోన్నతంగా చూపాయి. అయితే వీరగాథల్లో పురుషుల అనురాగం వ్యక్తం కావడానికి తరచుగా అగ్నిప్రమాదమో, యుద్ధమో, మరణమో కావలసివస్తోంది. నిత్యజీవితంలో అటువంటి సందర్భాలు అరుదు. పరీక్ష తప్పిన యువకునికి, తండ్రిని కోల్పోయిన యువకునికి కావలసింది పక్కన కూర్చొని వినే మిత్రుడు. “మగవాడు ఏడవకూడదు” అనే మాట విని పెరిగినవాడు ఆ మిత్రుని ఎదుట కూడా నోరు విప్పలేడు. బాధ లోలోపలే పేరుకొంటుంది.

కుచేలుడు తన దారిద్ర్యాన్ని నోటితో చెప్పలేకపోయాడు. మిత్రుడు అడగకుండానే గ్రహించాడు. గ్రహించగల మనసును, చెప్పుకోగల చనువును పెంచుకొన్న స్నేహమే యువకులకు నిజమైన అండ. కష్టంలో ఉన్న మిత్రుణ్ణి “ఏమైందిరా?” అని ముందుగా పలకరించడానికి వెండితెర వీరుని సాహసం అక్కరలేదు.