“నువ్వు ఎవరి వైపు?” అని అడిగితే.. మ్యాచ్ రోజు మన పిల్లలు తెలుసుకోవలసింది

ఏన్కూరు: ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ ఉందంటే ఏన్కూరు లాంటి మండల కేంద్రంలో ఏ టీ కొట్టు దగ్గర చూసినా ఫోన్ల చుట్టూ గుంపులే. ఊరి వాళ్లు, లారీ డ్రైవర్లు, బస్సు కోసం నిలబడ్డ వాళ్లు స్కోరు అడిగి మాట కలుపుతారు. అదే గుంపులో టోపీ పెట్టుకున్న కుర్రాడు ఉంటే మాత్రం ముక్కూ మొహం తెలియని మనిషి నుంచి ఒక ప్రశ్న రావచ్చు. “ఏం భాయ్, నువ్వు ఎవరి వైపు?” నవ్వుతూనే అడుగుతారు. కానీ పక్కన నిలబడ్డ వాడిని అడగరు. ఇంట్లో అమ్మీ భయం అక్కడే మొదలవుతుంది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2017 జూన్ 18న చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో పాకిస్తాన్ గెలిచింది. సంబరాలు చేసుకున్నారంటూ మధ్యప్రదేశ్ బుర్హాన్‌పూర్ జిల్లా మోహద్ గ్రామంలో ముస్లింల మీద రాజద్రోహం కేసు పెట్టారు. ఫిర్యాదుదారుగా పేరు రాసిన మనిషే తాను ఫిర్యాదు చేయలేదని చెప్పాడు. రాజద్రోహం సెక్షన్ కొద్ది రోజుల్లోనే తీసేశారు. కానీ కేసు నడిచింది. కోర్టు నిర్దోషులని చెప్పేసరికి 2023 వచ్చింది. 2021 అక్టోబరులో ఆగ్రాలో ముగ్గురు కశ్మీరీ ఇంజనీరింగ్ విద్యార్థులను వాట్సాప్ స్టేటస్‌ల మీద అరెస్టు చేశారు. అలహాబాద్ హైకోర్టు బెయిల్ ఇచ్చింది 2022 మార్చిలో. అంటే బెయిల్ వచ్చేసరికే ఐదు నెలలు జైలు. వాయిదా ఉన్న ప్రతి రోజూ కూలి పోతుంది, చార్జీలు పోతాయి, వకీలు ఫీజు పోతుంది. కేసు గెలిచినా ఆ డబ్బు, ఆ చదువు వెనక్కి రావు.

ప్రాణమే పోయిన ఘటన కూడా ఉంది. 2025 ఏప్రిల్ 27న మంగళూరు దగ్గర కుడుపులో స్థానిక క్రికెట్ మ్యాచ్ జరుగుతున్న చోట కేరళ వాయనాడ్‌కు చెందిన ఒక ముస్లింను గుంపు కొట్టి చంపింది. పాకిస్తాన్ నినాదం చేశాడనేది దాడి చేసిన వాళ్ల వాదన. పోలీసులు చాలామందిని అరెస్టు చేశారు. నిర్లక్ష్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ ప్రశ్న క్రికెట్ గురించి కాదు. 2021 అక్టోబరు 24న దుబాయ్‌లో ఓడిపోయాక, ఇండియా జెర్సీ వేసుకుని బౌలింగ్ చేసిన మహ్మద్ షమీనే సోషల్ మీడియాలో తిట్టారు. దేశం కోసం ఆడినవాడే పాస్ కాని పరీక్ష ఇది. టీ కొట్టు దగ్గర మన కుర్రాడు ఎంత మంచి జవాబు చెప్పినా పాస్ అవుతాడని నమ్మకం లేదు. కాబట్టి ఆ పరీక్ష రాయకపోవడమే తెలివి.

చట్టం ఏం చెబుతోంది?

ఒక జట్టు ఆట నచ్చడం ఏ చట్టంలోనూ నేరం కాదు. పాత రాజద్రోహం సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2022 మే 11న పక్కన పెట్టించింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో దేశ సమగ్రతకు ముప్పు తెచ్చే పనులకు సెక్షన్ 152, వర్గాల మధ్య ద్వేషం పెంచడానికి సెక్షన్ 196 ఉన్నాయి. మొదటిది చాలా పెద్ద కేసు. రెండో దానికి మామూలుగా మూడేళ్ల వరకు జైలు.

కొల్హాపూర్‌లో పనిచేసే ఒక ప్రొఫెసర్ పాకిస్తాన్ ప్రజలకు ఆగస్టు 14 శుభాకాంక్షలు చెబుతూ వాట్సాప్ స్టేటస్ పెట్టారు. ఆ కేసును సుప్రీంకోర్టు 2024 మార్చి 7న కొట్టేసింది. వేరే దేశం వాళ్లకు శుభాకాంక్షలు చెప్పడం ద్వేషం కాదంది. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో ఇంకో మాట చెప్పింది. మాటల మీద వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఉంటే, ముందు డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ జరపడమే సరైనదని.

అయితే మెచ్చుకోవడం వేరు, రెచ్చగొట్టడం వేరు. బాబర్ కవర్ డ్రైవ్ బాగుందనడం ఆట ముచ్చట. ఓడిన వాళ్ల ముందు టపాసులు కాల్చడం, నినాదాలు చేయడం, ఎగతాళి స్టేటస్ పెట్టడం గొడవను పిలిచి తెచ్చుకోవడమే. కోర్టు తర్వాత వదిలేసినా, గుంపు అప్పుడే వదలదు.

ఎదురుపడితే ఏం చేయాలి?

“మంచి మ్యాచ్ అన్నా” అని ఒక్క మాట చెప్పి అక్కడి నుంచి కదలాలి. వాదన పెట్టుకోవద్దు. ఫోన్ లాక్కుని స్టేటస్ చూసే హక్కు బయటి వాళ్లకు లేదు. అయినా పదిమంది చుట్టుముడితే హక్కు కంటే ప్రాణం ముఖ్యం. తెలిసిన షాపులోకి వెళ్లి 112కు ఫోన్ చేయాలి. దెబ్బలు తగిలితే ముందు ఆస్పత్రికి, తర్వాత ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. ‘మా పరిధి కాదు’ అని పంపేయకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఒకవేళ మన వాడినే అరెస్టు చేస్తే, కారణం చెప్పాలి, ఇంట్లో వాళ్లకు తెలపాలి, ప్రయాణ సమయం కాక 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. వకీలుకు డబ్బు లేకపోతే న్యాయ సేవల నంబర్ 15100.

మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ ఇదే చేసి చూపించాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో ప్రేక్షకులు జాతి పేరుతో తిట్టారు. నాన్న పోయి రెండు నెలలు కూడా కాలేదు. అయినా గ్యాలరీ వైపు తిరిగి తిట్టలేదు. కెప్టెన్ రహానేకు చెప్పాడు, విషయం అంపైర్లకు వెళ్లింది, ఆట ఆగింది, పోలీసులు వచ్చారు. దూషణ జరిగిన మాట నిజమేనని తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా ఒప్పుకుంది.

గ్యాలరీలన్నీ ఒకేలా ఉండవు. 1999లో చెన్నైలో 12 పరుగుల తేడాతో గెలిచిన పాకిస్తాన్ జట్టుకు స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అర్షద్ నదీమ్ బంగారం గెలిస్తే, రజతం గెలిచిన నీరజ్ చోప్రా వాళ్లమ్మ ‘అతనూ మా అబ్బాయే’ అన్నారు. అప్పట్లో ఆ మాటను చాలామంది మెచ్చుకున్నారు.

మన పిల్లలకు ఆ అదృష్టం ప్రతి చోటా ఉండదు. అందుకే తర్వాతి మ్యాచ్‌కు ముందు రోజు, రాత్రి భోజనం దగ్గర ఈ నాలుగు మాటలు వాళ్లకు చెప్పండి. 112, 15100 నంబర్లు ఫోన్‌లో సేవ్ చేయించండి. ఆ తర్వాత మ్యాచ్ హాయిగా చూడనివ్వండి.