ఒకే షాక్ అబ్జార్బరు బండి

గతుకుల బాటలో మోటారు సైకిలు వెనుక కూర్చున్న తల్లుల నడుము బాధ మనకు తెలియనిది కాదు. గుట్టల మీదుగా దూకించే మోటోక్రాస్ పందెగాళ్లకైతే ప్రాణాపాయమే. వెనుక చక్రం ఎగిరి పట్టు తప్పితే బండి పడిపోతుంది. పూర్వం చక్రానికి ఇరుప్రక్కల రెండు పొట్టి షాక్ అబ్జార్బర్లుండేవి.

బెల్జియం దేశస్థుడు లూసియన్ టిల్కెన్స్ ఆ రెండింటినీ తీసివేసి, పొడవాటిది ఒక్కటే పెట్రోలు ట్యాంకు క్రింద ఏటవాలుగా అమర్చాడు. చక్రాన్ని పట్టుకొనే చట్రాన్ని త్రికోణంగా మలిచాడు. దానితో చక్రం మునుపటికంటె ఎక్కువ ఎత్తు లేచి దిగుతూ నేలనంటి ఉండేది. మాకు ఆశ్చర్యం కలిగించేదేమంటే, సుజుకీ కంపెనీ దీనిని చూసి కూడ వద్దన్నది! యమహా తీసుకొని 1973లో పందెంలోకి దించింది. ఆ యేడే స్వీడన్ యువకుడు హాకన్ ఆండర్సన్ యమహాపై 250 సి.సి. ప్రపంచ విజేత అయ్యాడు.

నేడు మన వీధుల్లోని అనేక బండ్లకూ వెనుక ఒక్కటే ఉంటుంది. సీటు క్రిందకు వంగి చూడండి.